అందరికంటే పైన ఉన్న గది

మా ఆయనకు సముద్రమంటే గిట్టదు. మెరీనాకు పోదామంటే చెప్పుల్లోకి ఇసుక వస్తుందనేవాడు. మద్రాసు వ్యాసర్పాడిలో రైల్వే యార్డు వెనక వీధిలో మాకు పెయింట్ల దుకాణం, దాని మీదే ఇల్లు. ఆ ఇంటికి వీధివైపు ఒక బాల్కనీ ఉండేది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ దాని నిండా డిస్టెంపర్ డబ్బాలే. గుడ్డలు ఆరేయడానికి కూడా నేను మిద్దె మీదికి పోయేదాన్ని. అటువంటి మనిషి తొంభైల చివర్లో ఒక ఏడాది పొడుగునా, సముద్రం మీద బాల్కనీ కోసం తిండీ నిద్రా మానేసి తిరిగాడు.

అది పెయింటు కంపెనీ పెట్టిన ఆశ. టార్గెట్ అందుకున్న డీలర్లకు భార్యతో సహా సింగపూర్ ప్రయాణం, అక్కడి నుంచి పెద్ద ఓడలో విహారం. అందరికంటే ఎక్కువ అమ్మినవాళ్లకు ఓడలో బాల్కనీ ఉన్న గది. తక్కినవాళ్లకు కిటికీ కూడా లేని లోపలి గది. కంపెనీ తెలివంతా ఆ చివరి ముక్కలోనే ఉంది. ఊరికే సింగపూర్ అంటే ఈ మగవాళ్లు అంతగా పరిగెత్తరు. పక్కవాడికి రానిది తమకు వస్తుందంటేనే కాళ్లకు బలం వస్తుంది.

మా ఆయన దృష్టిలో ఆ పక్కవాడు కోడంబాక్కం డీలరు. సినిమా స్టూడియోల్లో సెట్టింగులకు రంగులు సరఫరా చేసే మనిషి. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, అదే మా ఆయనకు పడేది కాదు.

"వాడికి ఆడ కిటికీ కూడా రాకూడదు," అనేవాడు అన్నం కలుపుకుంటూ.

"వాళ్లకు కిటికీ రాకపోతే మనకేం వస్తాది?" అని నేనంటే, వ్యాపారం గురించి నాకేం తెలుసన్నట్టు చూసేవాడు.

ఆ ఏడాది మా ఇంట్లో జరిగింది వ్యాపారమైతే, నిజంగానే నాకు తెలియదు. అమ్ముడుపోని సరుకంతా లెక్కలో అమ్మినట్టు చూపడానికి తన పేరనే తీసుకుని ఇంట్లోకి చేర్చాడు. మంచం కింద ఎనామెల్, పూజగది ముందు ప్రైమర్. ఐప్పసి నెల వానల్లో గోడలు తడిసి చెమ్మ దిగుతుంటే, వంటింటికి రంగు వేయించాడు. అది ఈనాటికీ పొరలు పొరలుగా రాలుతూనే ఉంది. చివరికి మద్రాసు డీలర్లందరిలోనూ మొదటివాడయ్యాడు. కోడంబాక్కం ఆయన కొద్దిలో తప్పిపోయి లోపలి గదిలో పడ్డాడు. ఆ రోజు మా ఆయన కోవెలకు పోయి అర్చన చేయించి వచ్చాడు. ఒకరికి కిటికీ లేకుండా పోయినందుకు దేవుడికి మొక్కు చెల్లించిన మనిషిని నేను అప్పుడే చూశాను.

గదులు ఎంచుకోవడానికి మమ్మల్ని టి. నగర్‌లో ఒక హోటలుకు పిలిచారు. రాజమండ్రి నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఏరియా మేనేజరు ఓడ ప్లాను బల్ల మీద పరిచాడు. అంతస్తుల వారీగా గళ్లు గళ్లుగా గదులు. చుట్టూ డీలర్లు, వాళ్ల వెనక పట్టుచీరల్లో భార్యలు.

"బాల్కనీ అంటే మాటలాండీ!" అన్నాడు మేనేజరు. "పొద్దున్నే తలుపు తీస్తే సముద్రం మీ గుమ్మంలోనే ఉంటుందండి."

నాకు బస్సులో పోయినా కడుపులో తిప్పుతుంది. అందుకని ముందుకు వంగి అడిగాను. "సార్, వీటిల్లో ఊపు తక్కువగా ఉండే గది యాది?"

"బాగా అడిగారు మేడమ్. ఓడకు మధ్యలో, కింది అంతస్తుల్లో అయితే కదలిక పెద్దగా తెలియదండి. పైకీ, చివర్లకీ పోయేకొద్దీ కాస్త ఊపు ఉంటుంది. ఇదిగో, నడిమధ్యన ఈ బాల్కనీ గది ఖాళీగానే ఉంది."

మా ఆయన నా చేతిని ప్లాను మీద నుంచి పక్కకు జరిపాడు. "నువ్వు సుమ్మా ఉండవే. సార్, అన్నిటికంటే పైనుండేది యాది?"

"ఇదండీ. కాకపోతే ఓడకు వెనక చివర..."

"అదే రాసెయ్యండి. ఒకడి కాళ్ల కింద పండుకునే ఖర్మ నాకెందుకు?"

డీలర్లు నవ్వారు. కోడంబాక్కం ఆయన కూడా బజ్జీ తింటూ నవ్వాడు. ఆయన భార్య మాత్రం నన్ను చూసింది. కోయంబత్తూరు వైపు తెలుగువాళ్ల పిల్ల, నాకంటే చిన్నది. వెళ్లేటప్పుడు నా పక్కకు వచ్చి, "పైన గాలి జాస్తిగా ఉంటాది అక్కా, స్వెట్టరు పెట్టుకోండి," అంది. ఆ మధ్యాహ్నం అక్కడ నోరు తెరిచిన వాళ్లందరిలో నా గురించి ఆలోచించింది ఆమె ఒక్కతే.

ఇక ఆ తర్వాత దుకాణానికి ఎవరు వచ్చినా ఓడ బొమ్మల పుస్తకం తీసి చూపించడమే. సున్నం కోసం వచ్చిన మేస్త్రీకి కూడా చూపించేవాడు. అందులో ఒక తెల్లదొర, దొరసాని బాల్కనీలో కాళ్లు చాపుకుని కూర్చుని, పళ్లరసం తాగుతూ సముద్రాన్ని చూస్తుంటారు. ఒక రోజు నాక్కూడా చూపించి, "మనిద్దరమే. పొద్దున కాఫీ ఈడ, సాయంత్రం కాఫీ ఈడ," అన్నాడు. అన్నేళ్ల కాపురంలో ఆయన నోట "మనిద్దరమే" అన్న మాట రావడం అదే మొదలు. నేనూ నమ్మాను. మురుకులు చేసి డబ్బాలో పెట్టుకున్నాను. కాఫీకని రెండు మంచి స్టీలు టంబ్లర్లు చీరల మధ్య దాచి తీసుకుపోయాను.

ఓడలో మా గది మా వంటింటంత ఉంది. చివర పక్కకు జరిపే అద్దాల తలుపు, దాని అవతల బాల్కనీ. రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే మోకాళ్లు కమ్మీకి తగిలే జాగా. అబద్ధమెందుకు, తలుపు తీసి నిలబడ్డ ఆ కొద్దిసేపూ బాగుంది. ఓడ వెనక తెల్లటి నురగ చాలా దూరం దాకా దారిలాగా పరుచుకుని ఉంది. మా ఆయనకు చూపిద్దామని తిరిగాను. ఆయన కమ్మీ మీద బాగా వంగి, కింది బాల్కనీల్లో ఎవరెవరున్నారో చూసుకుంటున్నాడు.

"మన పైన ఎవడూ లేడు," అన్నాడు తృప్తిగా. "ఉండు, అందరినీ పిలుచుకుని వస్తా."

పిలుచుకుని వచ్చాడు. చూసేవాళ్లు లేకపోతే ఆ బాల్కనీ ఆయనకు దేనికి? కోడంబాక్కం ఆయన ముందు, ఆయన వెనక మరో నలుగురైదుగురు. లోపలి గదుల్లో సిగరెట్టు కాల్చడానికి వీల్లేదు గనుక, వాళ్లందరికీ మా బాల్కనీ మహా నచ్చింది. ఆ సాయంత్రం నుంచీ అది మద్రాసు డీలర్ల సిగరెట్ల గది అయింది. మురుకుల డబ్బా బయటికి పోయింది. టంబ్లర్లలో ఒకటి సారాయికి, ఒకటి నుసికి. తలుపు వేసినా పొగ లోపలికే వచ్చేది. దానికి తోడు పైన, చివరన ఉన్న గది కదా, కోరుకున్నంత ఊపు. నేను స్నానాల గదిలోకి పరిగెత్తి వాంతి చేసుకుంటుంటే బయటి నుంచి ఒకాయన దయగా, "నిమ్మకాయ చప్పరించండి వదినా," అని కేకేసి, ఇంకో సిగరెట్టు అంటించుకున్నాడు. మా ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఈ బాల్కనీ కోసం తానెంత కష్టపడ్డాడో వాళ్లకు చెబుతున్నాడు.

నేను స్వెట్టరు వేసుకుని, గోడలు పట్టుకుంటూ కింది అంతస్తుకు పోయి కోడంబాక్కం వాళ్ల గది తలుపు కొట్టాను. ఆమె నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని మంచం మీద పడుకోబెట్టింది. కిటికీ లేని గది. లేదని తెలియకుండా ఉండడానికి గోడకు కర్టెను వేలాడదీశారు. పక్కకు జరిపితే మళ్లీ గోడే. ఆ కర్టెను జరిపి చూసి మేమిద్దరం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాము. ఓడ కదులుతోందా లేదా అన్నది కూడా తెలియడం లేదు. ఆమె కారం వేసిన మరమరాలు తెచ్చుకుంది. అవి తింటూ నేను మనిషినయ్యాను.

"మీ ఆయన ఈడికి రాడా?" అని అడిగాను.

"ఏం వస్తాడక్కా? మీ బాల్కనీలోనే కాపురం పెట్టేశాడు," అంది.

మరునాడు సాయంత్రం కంపెనీ విందు. బహుమతులు కూడా అక్కడే ఇస్తారన్నారు. పట్టుచీర కట్టుకోవడానికి పైకి వచ్చాను. బయట సన్నగా చినుకులు. అయినా మగవాళ్లంతా బాల్కనీలోనే ఉన్నారు. గోడకు ఆనుకుని, ఒకరి మీద ఒకరు పడుతూ, కాల్చుకుంటున్నారు. తలుపు సందులోంచి మా ఆయనను పిలిచాను.

"ఇదో, నేను చీర మార్చుకోవాల. వాళ్లను కాసేపు పంపించండి."

ఆయన వెనక్కి తిరగలేదు. అరచెయ్యి మాత్రం నా వైపు పెట్టి, ఆగమన్నట్టు ఊపాడు. దుకాణంలో పనివాడికి కూడా ఆయన అట్లా చెయ్యి చూపించడు.

నేను తలుపు జరిపాను. గడియ వేశాను. కర్టెను లాగాను.

నాకు భయం వేయలేదు. నింపాదిగా స్నానం చేశాను, కుచ్చిళ్లు సరిగ్గా కుదిరేదాకా రెండుసార్లు చీర కట్టుకున్నాను, బొట్టు పెట్టుకున్నాను. అప్పటికి వాళ్లు అద్దం కొట్టడం మొదలుపెట్టారు. మొదట వేలితో, తర్వాత గుప్పిటతో. "ఏమే! ఏమే!" అని మా ఆయన గొంతు. ఓడ ఇంజన్ల హోరు బాగానే ఉంది. దీపం ఆర్పి, కిందికి పోయాను.

విందు హాల్లో మేనేజరు ఎదురొచ్చాడు. "సార్ ఏరండీ మేడమ్?"

"బాల్కనీలో ఉండారు."

"చూశారా! వదిలి రాలేకపోతున్నారన్నమాట," అని పొంగిపోయాడు.

నేను కోయంబత్తూరు పిల్ల పక్కన కూర్చున్నాను. సాంబారు బాగుంది. కాసేపటికి మేనేజరు మైకు పట్టుకుని, మద్రాసులో మొదటి డీలరు గురించి చాలా పెద్ద మాటలు చెప్పి, వేదిక మీదికి రమ్మన్నాడు. ఎవరూ లేవలేదు. చప్పట్లు ఆగిపోయి హాలంతా ఇటూ అటూ చూస్తోంది. నేను లేచి వెళ్లాను. శాలువా నాకే కప్పారు, బరువైన అద్దం ఫలకం నా చేతిలోనే పెట్టారు. ఫోటో కూడా తీశారు. ఒక్క డబ్బా అమ్మకుండా ఆ బహుమతి తీసుకున్నది నేనే. పడగ్గదిలో ఆ డబ్బాల మధ్య పడుకున్నది కూడా నేనే గనుక, సిగ్గేమీ అనిపించలేదు.

ఐస్‌క్రీము పెడుతుండగా వాళ్లు వచ్చారు. చొక్కాలు ఒంటికి అతుక్కుని, పొగ కంపు కొడుతూ, తడిసిన కోళ్లలాగా ఒకరి వెనక ఒకరు. పక్క బాల్కనీలోని తెల్లావిడ వీళ్ల అరుపులు విని ఓడ మనుషులకు కబురు చేసిందట. ఎవరో వచ్చి తలుపు తీశారట. మా ఆయన నా మెడ చుట్టూ ఉన్న శాలువాను చూశాడు, ఒళ్లో ఉన్న ఫలకాన్ని చూశాడు.

"ఏమైందండీ?" అన్నాడు మేనేజరు.

"లాకు జామ్ అయిపోయింది సార్," అన్నాడు మా ఆయన.

"అయ్యో! కంప్లైంటు ఇద్దామండీ, ఊరుకోకూడదు."

"వద్దులే సార్. పోనీండి."

అప్పుడు తెలిసింది నాకు, ఆయనకు తెలుసని. భార్య గడియ పెట్టిందని పదిమందిలో చెప్పుకోవడం కంటే వానలో తడవడమే నయమనుకున్నాడు. కోడంబాక్కం ఆయనకు కూడా తెలిసినట్టుంది. భార్య వంక చూశాడు. ఆమె ఐస్‌క్రీము మీది చెర్రీ పండును చెంచాతో తీసి జాగ్రత్తగా నోట్లో పెట్టుకుంది.

గదికి పోయాక మా ఆయన చాలాసేపు తల తుడుచుకున్నాడు. "నీకు వినబళ్లేదా?" అన్నాడు చివరికి.

"మీకు వినబడిందా, నేను చెప్పింది?" అన్నాను.

అంతే. ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు. ఆయన మారిపోయాడని, సిగ్గుపడ్డాడని రాస్తే వినడానికి బాగుంటుంది గానీ, అట్లాంటిదేమీ జరగలేదు. మద్రాసుకు తిరిగి వచ్చిన రోజే బాల్కనీలో తీయించుకున్న ఫోటోలు దుకాణంలో అద్దం కింద పెట్టాడు. అన్నిటిలోనూ ఆయనే ఉన్నాడు. సముద్రం ఒక చెవి పక్కన కొంచెం కనబడుతుంది.

మరుసటి ఏడాది కంపెనీ మళ్లీ ఓడ ప్రయాణమే పెట్టింది. ఈసారి కోడంబాక్కం ఆయన కూడా బాల్కనీ దక్కే పైవరసలోకి వచ్చాడు. మా ఆయన ప్లాను ఇంటికి తెచ్చి, ఏ గది కావాలో నన్ను కూడా అడిగినట్టే అడిగాడు.

"నేనూ ఆ పిల్లా కింద, మధ్యలో, లోపలి గదిలో ఉంటాం," అన్నాను. "మీరూ ఆయనా పైన బాల్కనీలో ఉండండి."

కోప్పడతాడేమోనని చూశాను. ఆయన పెన్సిలు చెవి మీద నుంచి తీసి, ప్లాను మీద వంగి, పైన ఒక బాల్కనీ గదికి సున్నా చుట్టాడు. "సరే. వాడైతే కాల్చుకోవడానికి తోడుంటాడు," అన్నాడు. గొంతులో నిజంగానే సంతోషం. ఏ మనిషి కళ్ల ముందు గొప్పగా కనబడాలని ఏడాది పాటు ఇంటిని గోడౌను చేశాడో, ఆ మనిషితోనే గది పంచుకోవడానికి క్షణం కూడా పట్టలేదు. నేను వెంటనే కోయంబత్తూరు పిల్లకు ఫోను చేశాను.

"ఈసారి మరమరాలు ఎక్కువ పట్టుకురా," అన్నాను.