మలేరియా క్రిములకు నా రక్తం పోసిన కథ

ఒక్క వారంలో నా చేతుల మీదుగా కోట్ల ప్రాణాలు పోయాయి. పోలీసులు రాలేదు, ఎందుకంటే పోయినవి మలేరియా క్రిములు. మందు కనిపెట్టాననుకుని చప్పట్లు కొట్టకండి. వాటిని బతికించడమే నా ఉద్యోగం.

భద్రాచలం దగ్గర మా ల్యాబులో క్రిములను మనిషి రక్తంతో పెంచుతారు. ప్లేటులోని గుంతల్లో కొన్నింటికి కొత్త మందు వేస్తారు, కొన్నింటిని ఊరికే వదిలేస్తారు. రెండు రోజులయ్యాక స్లైడుకు రంగు వేసి, బతికినవాటిని మైక్రోస్కోపులో లెక్కపెడతారు. మందు వేయని గుంతల్లో అవి హాయిగా పెరిగితేనే ఆ లెక్కకు విలువ.

బోనకల్ ఊరి నుంచి కొత్తగా వెళ్లిన నాకు అడవి జ్వరం, అంటే మలేరియా అంటే చచ్చేంత భయం. క్రిములు సీసా మూత తీసుకుని మరీ వచ్చి నన్ను పట్టుకుంటాయనిపించేది. అందుకే ఎవరికీ చెప్పకుండా మలేరియా మాత్రలు మింగేదాన్ని.

ఆ వారం మామూలుగా రక్తమిచ్చే టెక్నీషియన్ సమ్మయ్యన్న సెలవు పెట్టాడు. నాదీ అదే గ్రూపని మహా త్యాగమూర్తిలా చెయ్యి చాపాను.

మూడో రోజు చూస్తే, మందు వేసిన గుంతల్లో ఒక్క క్రిమి లేదు. గంతేశాను. మందు వేయని గుంతల్లోనూ లేదు. ఒక రోగి రక్తం నుంచి మా ల్యాబు పెద్ద మేడమ్ ఆరు నెలలు కష్టపడి పెంచిన క్రిములవి. అదే రక్తంతో పెద్ద సీసాలో పెరుగుతున్న మిగతావి కూడా నీరసంగా కనిపించాయి. పాపం, ఆకలేమో అని వాటికి ఇంకాస్త నా రక్తమే పోశాను. మర్నాటికి అవీ పోయాయి. ఆ రకం క్రిములు ఇక ఫ్రీజరులో దాచిన ఒక్క చిన్న సీసాలోనే మిగిలాయి. అదీ పోతే ప్రాజెక్టు మూత, నా ఉద్యోగం హుళక్కి.

సమ్మయ్యన్న తిరిగొచ్చి అన్నీ పరీక్షించాడు. "క్రిములను వెచ్చగుంచే మెషిన్ మంచిగనే ఉంది మేడమ్, దాంట్ల గ్యాస్ మంచిగనే ఉంది. ఇగ మిగిలింది ఈ చెల్లె నెత్తురే."

మేడమ్ నా వైపు తిరిగింది. "ఏమన్న మాత్రలు మింగుతున్నవా?"

"అవ్ మేడమ్. రెండు వారాల సంది, మలేరియావి."

"జ్వరమొచ్చిందా?"

"లేదు మేడమ్. వస్తదేమోనని భయమైంది."

మేడమ్ ఫ్రీజరులోని ఆఖరి సీసా తీయించింది. తలనొప్పి మాత్ర కూడా వేసుకోలేదని సమ్మయ్యన్న చేత మూడుసార్లు చెప్పించి, అతని రక్తం పోయించింది. నాలుగు రోజులు నేను పొద్దూమాపూ లెక్కపెట్టాను. ఐదో రోజు స్లైడు నిండా క్రిములు. మలేరియాను చూసి ఆనందంతో ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నేనేమో.

మేడమ్ కూడా మైక్రోస్కోపులో చూసి నిట్టూర్చింది. "మూడేండ్ల సంది మందులు పరీక్ష చేస్తున్న. గిట్ల పనిచేసిన మందు నువ్వొక్కదానివే."

కనుక మైక్రోస్కోపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట భయమేస్తే ముందు మేడమ్‌కు చెబుతాను, ఆమె అనుమతిస్తేనే భయపడతాను.