సుగుణ దోనె బాగుచేయడానికి లక్సెట్టిపేట ప్రయాణం

దసరా సెలవులకు అందరూ బట్టల మూటలతో ఊళ్లకు పోతుంటే నేను రెసిన్ జిగురు డబ్బా పట్టుకుని లక్సెట్టిపేట బయలుదేరాను. నా భార్య సుగుణ అక్కడి సర్కారు దవాఖానలో నర్సు. నేను హైదరాబాదులో ఫైబర్‌గ్లాస్‌తో నీళ్ల తొట్లు, బస్సుల పైకప్పులు పోసే కార్ఖానాలో మేస్త్రీని. పెళ్లయిన నాటి నుంచీ మా కాపురమంతా సెలవుల్లోనే.

ఆమె దగ్గర ఒక దోనె ఉంది. బెల్లంపల్లి బొగ్గు గనుల్లో పనిచేసిన ఒక విదేశీ ఇంజనీరు సరదాకి తెప్పించుకుని, తన దేశం వెళ్లిపోతూ దవాఖానకు ఇచ్చిపోయాడు. చెక్కది కాదు, ఫైబర్‌గ్లాస్‌ది. ఇద్దరు ఎత్తుకుని నడిచేంత తేలిక. గోదావరి అవతల కరీంనగర్ జిల్లా పల్లెల్లో ఎవరికైనా నొప్పులొస్తే సుగుణ అందులోనే వెళ్లేది. రేవులోని పెద్ద నావ మనుషులు నిండితే గాని కదలదు, పొద్దుగూకితే అసలే కదలదు. శ్రావణంలో నీళ్లు వడిగా ఉన్నప్పుడు దోనె బండకు కొట్టుకుని అడుగున పగిలింది. తెడ్డు వేసే పోశన్న ఆమెను చేయి పట్టి ఒడ్డుకు లాగాడు. ఆ సంగతి సుగుణ నాకు చాలా రోజులకు గాని చెప్పలేదు. చెప్పినప్పుడు ఇంకో మాట కూడా అంది.

"దోనె బాగైతే నేను ఈడనే ఉంట. కాకపోతే హైదరాబాదుకు బదిలీ అడుగుత. మీరొచ్చి ఒక్కపారి చూడుండ్రి."

అంటే దోనె పోతే ఆమె నా దగ్గరికి వస్తుంది. దాన్ని బాగుచేయవలసిందేమో నేను. సికింద్రాబాదులో పొద్దున్నే రైలెక్కి కూర్చున్నాక కూడా ఈ మాటే తలలో తిరుగుతోంది.

మూడో తరగతి పెట్టె కిక్కిరిసి ఉంది. కాజీపేటలో బండి చాలాసేపు ఆగింది. అక్కడ చాయ్ తాగాను. పెద్దపల్లి దాటాక ఎదురుగా కూర్చున్న పెద్దామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కొడుకు పెళ్లికి కావలసిన సామాను తీసుకుని మందమర్రి వెళ్తోంది. భర్తకు అక్కడి బొగ్గుబాయిలో పని.

"ఏంది బిడ్డా గది, గింత కంపు గొడ్తుంది?"

"పడవకు మందు, అవ్వా."

"పడవకు గూడ జరమొస్తదా?" అని నవ్వింది. విషయమంతా చెప్పాక నవ్వలేదు. "మా ఆయన బాయిల దిగిండంటే మల్ల పైకొచ్చేదాక నాకు పానం నిలువది. నీ పెండ్లాం గోదారి మీద తిరుగుతదంటే, జర గట్టిగ అతుకెయ్యి" అని సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది.

గోదావరి వంతెన మీద రైలు నెమ్మదించింది. నీళ్లు ఎర్రదనం వదిలి తేటపడుతున్నాయి. ఇసుక తిన్నెలు అక్కడక్కడ వీపులు తేల్చాయి. మంచిర్యాలలో దిగి, స్టేషను ఎదుటి హోటల్లో భోజనం చేసి లక్సెట్టిపేట బస్సు పట్టుకున్నాను. డబ్బాను పైన వేయడానికి కండక్టరు ఒప్పుకోలేదు. దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకున్నాను. జొన్నచేల మీద ఎండ పచ్చబడే వేళకు ఊరు వచ్చింది.

సుగుణ దవాఖాన వెనక క్వార్టరు గుమ్మంలోనే నిలబడి ఉంది. "గిదేనా రావుడు? మొన్ననే వస్తరనుకున్న" అంది. కోపమే, కానీ అప్పటికే నా చేతిలోని సంచి ఆమె చేతికి మారింది. జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాము. ఇంట్లో ఇంకో మనిషి పళ్లెం చప్పుడు వినడమే నాకు అపురూపంగా ఉండింది.

తెల్లారి దోనెను చూశాను. చెట్టు నీడన బోర్లించి ఉంది. అడుగున మూరెడు పగులు, దాని చుట్టూ సాలెగూడులాగా చిన్న చిన్న నెరియలు. పోశన్న రేగడిమట్టి, తారు పూసి ఏదో ప్రయత్నం చేశాడు. ముందు అదంతా గీకి పారేశాను. తర్వాత పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, అంచులు పలచన చేసి, తడి లేకుండా ఎండబెట్టాను. గాజునార గుడ్డను ఒకదాని కంటే ఒకటి పెద్ద ముక్కలుగా కత్తిరించుకున్నాను. రెసిన్‌లో గట్టిపరిచే మందు కలిపితే ఇక ఆలస్యం పనికిరాదు. కుంచెతో తడిపి, గుడ్డ పరిచి, లోపల గాలి బుడగ మిగలకుండా అద్దుకుంటూ పోవాలి.

పోశన్న దోనె కదలకుండా పట్టుకున్నాడు. "సార్, గీ గుడ్డ నీళ్లకు నానదా?" అని అడిగాడు.

"ఇది ఆరినాక గుడ్డ కాదు పోశన్నా. దోనెలో కలిసిపోతుంది."

రెండు పొరలు వేశాక సుగుణ చాయ్ తెచ్చింది. పోశన్న నీళ్లకని బావి వైపు వెళ్లాడు.

"గట్టిగైతదా?" అంది.

"అవుతుంది. నీకేం కావాలో చెప్పు సుగుణా. బదిలీనా, ఇదా?"

ఆమె దోనె అంచు మీద చేయి వేసి నిలబడింది. "నాకు రెండు గావాలె. గట్ల అయితదా?" అంది. కళ్లు తుడుచుకోలేదు గాని అటు తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

మామూలుగా ఇంత పగులుకు రెండు పొరలు చాలు. నేను మూడోది కూడా వేశాను. అది వేస్తున్నంతసేపూ నాకు హైదరాబాదులోని మా ఒంటి గది కనిపిస్తూనే ఉంది: ఒక మంచం, ఒక కుండ, ఆమె వస్తుందని కొన్న అద్దం. అయినా చేయి ఆగలేదు. నీళ్ల మధ్యలో ఆ అతుకు మీద కూర్చునేది ఆమే కదా.

మర్నాటికి రాయిలా గట్టిపడింది. వేలితో కొడితే పాత అడుగు, కొత్త అతుకు ఒకటే మోత. రేవులో దించి నేనూ సుగుణా చెరో తెడ్డు పట్టి తిన్నె దాకా పోయి వచ్చాము.

తిరుగు ప్రయాణం నాడు మంచిర్యాల బస్సుకు సిద్ధమవుతుంటే అవతలి ఒడ్డు నుంచి ఒక మనిషి రొప్పుతూ వచ్చాడు. కూతురికి తొలి కాన్పు, తెల్లారుజాము నుంచి నొప్పులు. సుగుణ అప్పటికే సంచి సర్దుతోంది. "మీరు గూడ రాండ్రి. అవతలి దిక్కు నుంచి కరీంనగర్ బస్సు దొరుకుతది" అంది.

దోనెలో ముగ్గురికి మించి పట్టరు. పోశన్నను ఆపి నేనే తెడ్డు తీసుకున్నాను. సుగుణను తిరిగి తానే దాటిస్తానని ఆ మనిషి అన్నాడు. నది మధ్యకు వచ్చాక సుగుణ వంగి అతుకు మీద అరచేయి ఆనించి చూసింది.

"ఒక్క సుక్క రాలే" అంది.

ఒడ్డు తగలగానే ఆ మనిషి సంచి అందుకుని ముందు నడిచాడు. "దీపావళికి నేనే వస్త. ఆనాడు ఎవలకూ నొప్పులు రాకపోతే" అని సుగుణ నవ్వబోయింది. నవ్వు పూర్తి కాలేదు. చేను గట్టు మీద ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ వడివడిగా వెళ్లిపోయింది. తెల్లచీర జొన్నకర్రల్లో కలిసిపోయేదాకా నిలబడ్డాను.

ఆ వైపు ప్రయాణం పెట్టుకునేవారికి ఒక్క మాట. రైలు దారి హాయిగా ఉంటుంది, కానీ వీలైతే తిరుగుదారి నది దాటి రండి. వానలు వెళ్లిన కొత్తలో గోదావరి అంత నిమ్మళంగా ఇంకెప్పుడూ ఉండదు. అయితే ఒడ్డున ఎవరినైనా వదిలి వస్తున్నట్టయితే, ఆ నిమ్మళం మనకు అందదు.

ధర్మపురి నుంచి వచ్చిన బస్సు మొక్కు తీర్చుకున్న వాళ్లతో నిండి ఉంది. గుండు కొట్టించుకున్న ఒక పెద్దాయన జరిగి చోటిచ్చాడు.

"ఎవలింటికి వచ్చినవు తమ్మీ?"

"మా ఇంటికే."

"మరి ఇప్పుడు ఎటు పోతున్నవు?"

"హైదరాబాదుకు, పనికి."

ఆయన నా ముఖం కేసి చూశాడు. లేచి నన్ను లోపలికి జరగమన్నాడు.

"కిటికీ దిక్కు కూసో. గోదారి ఇంక జరసేపు కనిపిస్తది."