నా తలలోని గడ్డను ముందుగా చూసినవాళ్లు

తాండూరులో మాకు కందిపప్పు దుకాణం ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక జ్వరం వచ్చి తగ్గాక నాకు వాసనలు తెలియకుండా పోయాయి. పొయ్యి మీద పోపు మాడిపోతున్నా పక్కనే నిలబడి ఉండేదాన్ని. జ్వరం వల్లే అనుకున్నాం. తర్వాత తలనొప్పులు మొదలయ్యాయి. కుడికంటికి దుకాణం బోర్డు మీది అక్షరాలు మసకబారాయి. అద్దాల కోసం వెళితే కంటి డాక్టరు చాలాసేపు పరీక్షించి, "అద్దాల సంగతి తర్వాత. ముందుగాల తల స్కాన్ తీయించుకోండ్రి" అన్నారు.

వికారాబాద్‌లోని స్కానింగ్ సెంటర్‌కు నేనూ మా ఆయనా రైల్లో వెళ్లాం. రిపోర్టు మరునాడు వస్తుందని స్కాన్ తీసిన అమ్మాయి ముందే చెప్పింది. అక్కడి స్కాన్లన్నీ హైదరాబాద్‌లో ఉండే డాక్టరుకు వెళ్తాయి, ఆయన వరుసగా చూస్తూ వస్తారు. మేం చెప్పులేసుకుని మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, పోకుండ్రి, జర కూసోండ్రి. కంప్యూటర్ మీ స్కాన్‌ను అందరికన్న ముందట పెట్టింది. సార్ ఇప్పుడే చూస్తున్నడు."

"కంప్యూటర్ ముందట పెట్టుడేంది?" అన్నారు మా ఆయన.

ఏదైనా స్కాన్‌లో అనుమానం తగిలితే దాన్ని డాక్టరుకు మొదట చూపించే ప్రోగ్రాం కొత్తగా వచ్చిందని చెప్పింది. మేం మళ్లీ లోపలికి వెళ్లి కూర్చున్నాం. కాసేపటికి డాక్టరు ఫోన్లో మాట్లాడారు. ముక్కుకు పైన, నుదుటి వెనక గడ్డ ఉందనీ, అది కంటి నరాన్ని నొక్కుతోందనీ చెప్పారు.

"మిషను తప్పు చెప్పిందేమో సార్?" అని అడిగాను.

"ఒక్కోసారి తప్పు చెప్తదమ్మా. ఏం లేకున్నా ఉన్నదంటది. అందుకే నేను మళ్ల నా కండ్లతోని చూసిన. గడ్డ ఉన్నది. చూస్తే క్యాన్సర్ లెక్క కనపడ్తలేదు. కానీ ఆలస్యం చేయకుండ్రి, కన్ను కాపాడుకోవచ్చు."

ఆ వారంలోనే హైదరాబాద్‌లో ఆపరేషన్ జరిగింది. గడ్డ క్యాన్సర్ కాదని పరీక్షలో తేలింది. కన్ను నిలిచింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఆవాలు చిటపటలాడే చప్పుడు విని పోపు దించుతాను.

కుట్లు విప్పిన రోజున, మిషనుకు గడ్డ సంగతి ఎట్లా తెలిసిందని ఆపరేషన్ చేసిన డాక్టరమ్మను అడిగాను. ఆమె తన కంప్యూటర్లో ఎవరిదో స్కాన్ చూపించారు. పేరు లేదు. తెల్లని గడ్డ చుట్టూ ఏ డాక్టరో గీసిన గీత ఉంది.

"గిసుంటివి వేలకొద్ది చూపిస్తరమ్మా. చూసి చూసి అది నేర్చుకుంటది."

"ఈ స్కాన్లు ఎవరివో, వాళ్లు మంచిగున్నరా మేడం?"

"తెలియదమ్మా. కొందరు ఉండకపోవచ్చు."

నేను ఆ తెల్లని మచ్చనే చూస్తూ ఉండిపోయాను. "నాది గూడ చూపించొచ్చా?" అని అడిగాను.

"మీకు ఇష్టమైతే చూపించొచ్చు. పేరు తీసేస్తం."

"అయితే చూపించుండ్రి."

బయటికి వచ్చాక మా ఆయన, "మంచిగ చేసినవ్" అన్నారు.

పొద్దున దీపం పెట్టేటప్పుడు డాక్టర్లనూ, ఆ స్కానింగ్ అమ్మాయినీ తలుచుకుంటాను. ఆ తర్వాత, మిషనుకు నేర్పిన, పేరూ ఊరూ తెలియని ఆ స్కాన్ల మనుషులను. వాళ్లకు ఏ పేరుతో దండం పెట్టాలో తెలియక, దీపానికే ఇంకోసారి దండం పెడతాను.