ముల్లు చూసి పెంపకం చెప్పే ఫకీరప్ప

ఫకీరప్పన్నకి ఉన్న జబ్బు ఒక్కటే. మీరు ఏ పాటలు వింటారో తెలిస్తే చాలు, మిమ్మల్ని చిన్నప్పుడు ఎవరు, ఎలా పెంచారో చెప్పేస్తాడు. మీరు అడగక్కర్లేదు. వద్దన్నా ఆగడు.

ధార్వాడలో మార్కెట్ వెనక సందులో ఆయనది రేడియోలు బాగుచేసే కొట్టు. పక్కనే నా కుట్టు మిషను. మధ్యలో ఒక చెక్క గోడ. పద్నాలుగేళ్లు ఆ గోడకి ఇవతల కూర్చుని అసూయతో ఉడికిపోయినవాణ్ణి కాబట్టి, ఆయన గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఎవరైనా రేడియో తెచ్చి బల్ల మీద పెడితే దానికేమైందని అడగడు. ముల్లు ఏ స్టేషను దగ్గర ఆగిందో చూస్తాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "నిదానంగా సాగే ఆలాపన నీకిష్టం. మీ నాన్న రొట్టె తినేటప్పుడు తొందరపెట్టని మనిషై ఉంటాడు," అంటాడు. అంతే, వచ్చినవాడు రేడియో సంగతి మరిచిపోయి అరగంట తండ్రి గురించి చెబుతాడు.

డోలు దరువులు ఇష్టపడేవాళ్లు పెద్ద కుటుంబంలో పుట్టారట. అక్కడ గట్టిగా అరిస్తే తప్ప రెండో రొట్టె రాదట. పాట మధ్యలో స్టేషను మార్చేవాళ్లు చిన్నప్పుడు తరచూ బడి మారినవాళ్లట. విషాద గీతాలు వినే ఒక హెడ్ కానిస్టేబుల్‌ని, చిన్నప్పుడు నీ కుక్కపిల్ల తప్పిపోయిందా అని అడిగాడు. ఆయన లాఠీ పక్కన పెట్టి దాని పేరు, రంగు, అలవాట్లు అన్నీ చెప్పాడు.

కోడలు పొద్దస్తమానం సినిమా పాటలు పెడుతోందని, రేడియోని పూర్తిగా పాడుచేసి ఇమ్మంటూ గంగవ్వ వచ్చింది. "ఆ పిల్ల పుట్టింట్లో నవ్వే మనుషులు లేరక్కా. నవ్వుల్ని పాటల్లో వెతుక్కుంటోంది. నువ్వు రోజుకోసారి నవ్వి చూడు," అన్నాడు. గంగవ్వ నవ్వింది. ఆ నవ్వు చూసి హడలిపోయిన కోడలు వారం రోజులు రేడియో జోలికి పోలేదు.

జనమంతా అటే. బొరుగుల గిర్మిట్టు పొట్లాలు అటే. నాకు వాసన మాత్రం వచ్చేది. నా దగ్గర కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూడా అటు తొంగిచూసి మాయమయ్యేవారు.

అది కూడా సహించాను. ఒకరోజు మా ఆవిడ నీలవ్వ అక్కడినుంచి వెలిగిపోతూ వచ్చింది. "మా నాయన నన్ను గారాబంగా పెంచాడట. అందుకే నాకు వేణువు ఇష్టమట. పన్నెండేళ్ల కాపురంలో ఈ ముక్క మీకెప్పుడైనా తట్టిందా?" అంది. తట్టలేదు. ఆ పూట ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను.

పైగా నా విషయంలో మాత్రం ఆయన నోరు విప్పడు. అడిగితే, నీది ఇంకా అంతుపట్టలేదు ఈరణ్ణా అంటాడు. ఊళ్లో అందరికీ పెంపకం ఉంది, నాకే లేదు.

ఇక లాభం లేదని, మా ఇంటి వెనక ఉండే గలగలి మాస్టారి రేడియో అరువు తెచ్చాను. అవతలి కొట్టు నిండా జనం ఉన్న వేళ చూసి బల్ల మీద పెట్టి, ఇది నాదేనన్నాను. ఫకీరప్పన్న దాన్ని తిప్పి, వెనక మూత తీసి, లోపలికి చాలాసేపు చూసి, మళ్లీ మూశాడు. తరవాత చెప్పాడు. నేను నాటక పద్యాలు వింటానట. మంచి గొంతున్న తాత నన్ను దీపం ముందు కూర్చోబెట్టి పద్యాలు వల్లె వేయించాడట.

"ఇది నాది కాదు, గలగలి మాస్టారిది," అన్నాను. "నాకు పద్యాలంటేనే పడవు. అందరూ విన్నారుగా."

కొట్టంతా గొల్లున నవ్వింది. ఆయన తల గోక్కుని, ఈరణ్ణతో జాగ్రత్తగా ఉండాలర్రా అన్నాడు.

ఆ రోజు నుంచి జనం నా కొట్టుకి వచ్చారు. ఎలా బోల్తా కొట్టించానో పదకొండు సార్లు చెప్పాను. చెబుతూ ఏడుగురి కొలతలు తీసుకున్నాను. గిర్మిట్టు ఇటు తిరిగింది.

మూడో రోజు రేడియో తిరిగిచ్చి, మాస్టారికి పన్నెండోసారి చెప్పాను. ఆయన నవ్వలేదు. వెనక మూత తీసి చూపించాడు. లోపల ఎర్ర రంగుతో 'గలగలి మాస్టారు' అని, కింద నాలుగు తేదీలు. ఫకీరప్పన్న చేతిరాత.

"నాలుగుసార్లు బాగుచేశాడు. చేసినప్పుడల్లా తేదీ వేస్తాడు. మూత తీసి చూశాడన్నావు కదా?" అన్నాడు మాస్టారు.

నేరుగా ఫకీరప్పన్న కొట్టుకి వెళ్లాను. మధ్యాహ్నం, ఆయనొక్కడే ఉన్నాడు.

"నీకు ముందే తెలుసు," అన్నాను.

"తెలుసు."

"మరి అంతమందిలో ఎందుకు ఓడిపోయావు?"

"నీ మిషను చప్పుడు బాగాలేదు ఈరణ్ణా. రోజంతా పళ్లు కొరికినట్టుంటోంది. ఒక్కసారి గెలిస్తే సాఫీగా నడుస్తుందనుకున్నా. నడుస్తోంది."

మరి నా సంగతి నిజంగానే అంతుపట్టలేదా అని అడిగాను.

"ఎప్పుడో తెలుసు. నొచ్చుకుంటావని చెప్పలేదు. గోడకి ఇవతల నేనే పాట పెడితే అవతల నీ రేడియోలో నువ్వూ అదే పెడతావు. చాలామంది అన్నల తరవాత పుట్టి ఉంటావు. వాళ్లు విడిచిన చొక్కాలే నీకు తొడిగి ఉంటారు. నీకంటూ ఒకటి ఎవరూ కుట్టించలేదు. అందుకే కుట్టుపని నేర్చుకున్నావు. పాటలు మాత్రం ఇంకా ఎవరో విన్నవే వింటున్నావు."

నాకు ఐదుగురు అన్నలు. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

ఆయన అల్మారాలోంచి కొత్త రేడియో ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "దీన్ని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ఇవాళ నువ్వు తిప్పు. నీకు నచ్చింది ఇద్దరం విందాం," అన్నాడు.

మీట పట్టుకున్నాను. ముల్లుని ఈ చివరి నుంచి ఆ చివరికి తీసుకెళ్లాను. మళ్లీ వెనక్కి తెచ్చాను. నుదుటికి చెమట పట్టింది.

"అన్నా," అన్నాను చివరికి, "ఈ వేళప్పుడు మామూలుగా నువ్వేం వింటావు?"