బండి మీద ఏ గూడు? మానుకోట నుంచి భూపాలపల్లి దాకా

పోలీసు చర్య జరిగి ఏడాది కావస్తున్న వానకాలంలో నేను జనగామ నుంచి భూపాలపల్లి దాకా పోయివచ్చాను. సరదాకు పోలేదు. మా చెల్లెలు అనసూయకు తొమ్మిదో నెల. అంతకుముందు రెండుసార్లు నెలలు నిండకుండానే కడుపు పోయింది. మానుకోటలో ఆమెది అత్త లేని ఇల్లు. ఈసారి బిడ్డ దక్కాలంటే అమ్మ దగ్గరే కనాలని ఆమె పట్టు పట్టింది. అమ్మ ఉండేది భూపాలపల్లిలో, నాయిన నడిపిన ఇప్పపువ్వు, కరక్కాయల కొట్టు వెనక. నాయిన పక్షవాతంతో మంచం పట్టాడు కనుక అమ్మ మానుకోటకు రాలేదు. ఏడో నెలలోనే చెల్లెల్ని తోలుకుపోవలసింది, అప్పుడు దారులు బాగాలేవు. ఎనిమిదో నెలలో మనవాళ్ళు గడప దాటనివ్వరు. మిగిలింది తొమ్మిదో నెలా, ముసురూ.

వరంగల్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు తేలికైన దారి. ఆ రోజుల్లో కల్వర్టులు తెగి బస్సులు ఆగిపోయాయి. వరంగల్‌లో ముక్కూ మొహం తెలియని బండివాణ్ణి నమ్మి నిండు గర్భిణిని అడవిలోకి తీసుకుపోవడం నాకు ఇష్టం లేదు. అందుకని మానుకోట నుంచే తెలిసినవాడి బండి మాట్లాడుకున్నాం. ఇక తేలవలసింది ఒక్కటే, ఆ బండి మీద ఏం కప్పాలి?

నేను ముందుచూపు గలవాణ్ణని నాకొక నమ్మకం. జనగామ బజారులో యుద్ధం నాటి మిగులు సరుకు అమ్ముతుంటే మందపాటి ఖాకీ టార్పాలిన్ ఒకటి కొని, చుట్ట చుట్టి భుజాన వేసుకుని స్టేషనుకు వచ్చాను. ఏడింటికి రావలసిన ప్యాసింజరు తొమ్మిదికి వచ్చింది. రఘునాథపల్లిలో ఒక ముసలామె గంపతో ఎక్కి నా ఎదురుగా కింద కూర్చుంది. టార్పాలిన్ మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఏంది కొడుకా గది? సిపాయోల్ల డేరానా?"

"కాదవ్వా. బండి మీద కప్పెటందుకు. మా చెల్లెను కాన్పుకు తోలుకపోతున్న."

"అయ్యో నీ తెలివి పాడుగాను! గా రంగు గుడ్డ కనబడితే మా దిక్కు ఊరూరంత చేన్లపొంటి ఉరుకుతది. చీకట్ల ఎవడన్న చూసిండనుకో, సిపాయిల సామాన్లనుకొని తూటా ఏస్తడు. బిడ్డను పెట్టుకొని గట్ల పోతవా?"

పెట్టెలో అందరూ నా వైపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కాజీపేటలో బండి మారి, మానుకోటలో దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆ టార్పాలిన్ చెల్లెలి భర్త, మా బావ విశ్వనాథం కొట్టులో మిరపకాయ బస్తాల మీదికి పోయింది.

సాయంత్రం పెరట్లో పంచాయితీ పెట్టాం. బండి నెల్లికుదురు మల్లయ్యది. నలభై ఏళ్ళవాడు, తక్కువ మాటల మనిషి, ఎద్దులతో మాత్రం తెగ మాట్లాడేవాడు.

"నా తాన రెండు గొంగళ్ళున్నయ్ సేటూ. కప్పితే వాన సుక్క దిగది" అన్నాడు మల్లయ్య.

"గొంగడి కప్పితే అడవిల తిరిగే దళమోల్ల బండంటరు. నర్సంపేట దిక్కు పోలీసు క్యాంపులున్నయ్, ఎరుక లేదా?" అన్నాడు బావ.

"అయితె తాటికమ్మలు కప్పుదాం."

"మనింటి ఆడపిల్లను తాటాకుల కింద పంపుడా? నలుగురు ఏమనుకుంటరు?"

బావ అటక మీది నుంచి తన పెండ్లి నాటి గూడు దింపించాడు. వెదురు బద్దల మీద రంగుల గుడ్డ, అంచున అద్దపు బిళ్ళలు, ముందూ వెనకా ఎర్ర పరదాలు. దొరసానులు తిరిగే సవారి కచ్చరపు బండికి ఉండేలాంటిదే. షావుకార్ల ఇండ్లలో ఆడపిల్ల పుట్టింటికి పరదా బండిలోనే పోవాలి, అది మాకు పరువు. నాకూ అదే సబబనిపించింది. అనసూయ అరుగు మీద కూర్చుని అంతా వింటోంది. ఆమెను ఎవరం అడగలేదు.

మర్నాడు తెల్లవారుజామున కదిలాం. బండిలో మందంగా వరిగడ్డి, దాని మీద రెండు బొంతలు. తినడానికి అటుకులు, జొన్న రొట్టెలు, చింతకాయ తొక్కు. నెల్లికుదురు దాకా దారి పర్వాలేదు. ఆ తర్వాత పోలీసు లారీలు రాకుండా ఒకప్పుడు ఊళ్ళవాళ్ళు తవ్విన కందకాలను సగం సగం పూడ్చారు. అక్కడ ఎద్దులను పట్టుకుని నడిపించాలి, గర్భిణి దిగి దాటాలి. పోయేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దిగిన ప్రతిసారీ అనసూయ ఒక చేత్తో కడుపు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకునేది. ఆ పట్టులో ఎంత భయముందో నా భుజానికి తెలుస్తుండేది.

పదకొండు దాటాక ఒక ఊరి బావి దగ్గర నీళ్ళకని ఆగాం. మమ్మల్ని చూడగానే నీళ్ళు తోడుతున్న ఆడవాళ్ళు బిందెలు అక్కడే వదిలేసి ఇండ్లలోకి పోయారు. తలుపులు వేసుకున్న చప్పుడు వినిపించింది. గొంతు ఎండుకుపోయి నేను నాలుగు ఇండ్ల ముందు పిలిచాను. ఎవరూ పలకలేదు. చివరికి ఒక అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది, ఆమె వెనక పదిమంది మగవాళ్ళు.

"దొర తిరిగొచ్చిండా? లేక దొరసానిని ముందుగాల పంపిండా?"

"దొర లేడు, గిర లేడు అవ్వా. మాది మానుకోట కొట్టు. లోపల మా చెల్లె."

"అందరు గట్లనే అంటరు. రెండేండ్ల కింద గిసుంటి బండే పోయింది. పరదా ఎత్తి చూస్తే చీర కట్టుకొని దొర కూసున్నడు. ఎత్తు పరదా."

పరాయి మగవాళ్ళ ముందు చెల్లెలి పరదా ఎత్తడానికి నాకు చెయ్యి రాలేదు. చస్తే ఎత్తనన్నాను కూడా. మాట మాట పెరిగి ఒకడు ఎద్దుల పగ్గం పట్టుకున్నాడు. అప్పుడు లోపలి నుంచే పరదా పక్కకు జరిగింది.

"చూడుండ్రి. నేనే. జర నీళ్ళియ్యుండ్రి, నాలిక పిడచ కట్టింది" అంది అనసూయ. మొహం ఎర్రగా ఉబ్బి, ఒళ్ళంతా చెమట.

అవ్వ కర్ర పారేసి వచ్చి ఆమె నుదురు తడిమింది. తర్వాత నా వైపు తిరిగింది. "నీకు బుద్ధుందా నాయినా? తొమ్మిదో నెల బిడ్డను గాలాడని డబ్బల పెట్టి ఉడకబెడుతున్నవ్!" మజ్జిగ వచ్చింది, నీళ్ళు వచ్చాయి, తిట్లయితే ఊరు దాటేదాకా వస్తూనే ఉన్నాయి. పరదాలూ రంగుల గుడ్డా విప్పి గడ్డి కిందికి తోశాం. ఒట్టి వెదురు బద్దల మీద మల్లయ్య తన గొంగళ్ళు కప్పాడు. ఆ సాయంత్రం జోరుగా వాన పడింది, లోపల ఒక్క చుక్క దిగలేదు. ఇదే మేలైన గూడని నేను తీర్మానించుకున్నాను. ఆ రాత్రి ఒక తెలిసిన కొట్టు అరుగు మీద హాయిగా పడుకున్నాం.

రెండో రోజు మధ్యాహ్నం నర్సంపేట దాటాక క్యాంపు వచ్చింది. పోలీసులు బండి ఆపారు. అందులో ఒకడు కోస్తా మనిషి, మాటను బట్టి తెలిసింది.

"ఏవిటయ్యా ఈ కంబళ్ళు? అడవిలో ఎవరికి పట్టుకెళ్తున్నావ్?"

"నాయే సారూ. కప్పుకునేటియి" అన్నాడు మల్లయ్య.

"కప్పుకునేటియిట!" అని అతను మల్లయ్య గొంతుతో అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మల్లయ్యను చేతులు నెత్తిన పెట్టించి బురదలో కూర్చోబెట్టారు. గొంగళ్ళు లాగేశారు. గడ్డి తీసి పొడిచి చూశారు. ఆ రంగుల గుడ్డ బయటపడేసరికి అనుమానం ఇంకా పెరిగింది. నేను మా కొట్టు పేరు చెప్పాను, నాయిన పేరు చెప్పాను, దండం పెట్టాను. ముసురు ఆగలేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. అనసూయ తడిసిపోతోంది. ఈ బిడ్డ కూడా పోతుందని అప్పుడు నాకు గట్టిగా అనిపించింది. తోలుకొచ్చిన పాపం నాది.

అనసూయ తనంతట తనే బండి దిగింది. బురదలో అడుగులో అడుగు వేసుకుంటూ నేరుగా వాళ్ళ డేరా కిందికి పోయి నిలబడింది. "నాకు నడుము నొస్తుంది. ఇక్కడ్నే కంటనా, పోనిస్తరా?" అంది.

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కోస్తా మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. అయిదు నిమిషాల్లో మమ్మల్ని పొమ్మన్నారు. గొంగళ్ళు మాత్రం ఇవ్వలేదు. మల్లయ్య వాటికోసం వెనక్కి తిరిగి చూసి, ఎద్దులను అదిలించాడు.

కొంచెం దూరం పోయాక నేను మానుకోటకు తిరిగిపోదామన్నాను.

"మీ గూళ్ళ తెలివి చాలు అన్నా" అంది అనసూయ. "నొప్పి తగ్గింది. గీ తాటికమ్మలు కొట్టించు. నెత్తిమీదికి కప్పుండ్రి చాలు, ముందు ఏం కట్టొద్దు. నేను మల్లయ్య పక్కపొంటి కూసుంట. నన్ను చూస్తె ఎవ్వరు ఆపరు."

"తొవ్వపొంటి పోయేటోల్లంత చూస్తరు చెల్లె."

"చూడనియ్యి! చూడాల్నే."

నాకు అది ఏమాత్రం నచ్చలేదు. అయినా మల్లయ్య అప్పటికే గొడ్డలి తీశాడు. కమ్మలు వరసలుగా పరిచి నారతో బిగించాం. తాటాకు గూడు గాలికి చప్పుడు చేస్తుంది, జోరు వానకు అక్కడక్కడా కారుతుంది. కారేచోట నేను కూర్చున్నాను. మా చెల్లెలు కాళ్ళు చాపుకుని, కడుపు మీద చెయ్యి వేసుకుని, కొంగు సర్దుకుని ఎదురుగా కూర్చుంది.

ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ ఆపలేదంటే నమ్మాలి. ములుగు దారిలో ఇంకో క్యాంపు వాళ్ళు దూరం నుంచే చెయ్యి ఊపారు. ఒకచోట పొద్దు వాలుతుండగా చెట్ల మధ్య నుంచి ముగ్గురు కుర్రవాళ్ళు దారి మీదికి వచ్చారు, భుజాన తుపాకులు. దళంవాళ్ళేనని తెలిసిపోయింది. వాళ్ళు అనసూయను చూశారు. "ముంగట వాగు నిండింది. పైనుంచి పోండ్రి" అని చెప్పి మళ్ళీ చెట్లలోకి పోయారు.

ఊళ్ళలోనైతే ఆడవాళ్ళు బండికి అడ్డం వచ్చి మరీ పలకరించారు. "ఎన్నో నెల బిడ్డా?" "ఏ ఊరు పోతున్నవ్?" ములుగు దాటాక ఒక పల్లెలో నడివయసు ఆమె బండి వెంబడి నడుస్తూ బెల్లం ముద్ద చేతిలో పెట్టింది. "రెండు పొయినయా? గిది నిలుస్తది, నా మాట ఇను. మల్ల వచ్చేటప్పుడు నాకు చూపెట్టి పో" అంది. అనసూయ సరేనంది. ఆమె పేరు కూడా మేం అడగలేదు.

అయిదో రోజు పొద్దుగూకే వేళకు భూపాలపల్లి చేరాం. అమ్మ బండికి ఎదురొచ్చి, కూతుర్ని దింపుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. నాలుగు రోజులకు ఆడపిల్ల పుట్టింది. మొదట ఏడవలేదు. బయట నేనూ మల్లయ్యా తలుపు దగ్గరికి జరిగాం. తర్వాత ఏడ్చింది, వాకిలి దాకా వినిపించేంత గట్టిగా. తల్లీ పిల్లా క్షేమం.

పురుడు అయ్యాక నేనూ మల్లయ్యా ఖాళీ బండితో బయలుదేరాం. అదే తాటాకు గూడు, కమ్మలు ఎండి రంగు మారాయి. దారిలో మమ్మల్ని ప్రతివాడూ ఆపాడు. ఎవరు మీరు, ఎక్కణ్ణుంచి, బండిలో ఏముంది? ఇద్దరు మగవాళ్ళున్న ఖాళీ బండి అందరికీ అనుమానమే. చెల్లెల్ని క్షేమంగా దాటించానని పోయేటప్పుడు నాకో మురిపెం ఉండేది. మమ్మల్ని దాటించింది ఆమే.

ములుగు చేరకముందే ఆ పల్లె వచ్చింది. బెల్లం ఇచ్చినామె గుడిసె ముందు బియ్యం చెరుగుతోంది. మా బండిని చూసి లేచింది. ముందు వైపు చూసింది, తాటాకుల కిందికి తొంగి చూసింది. ఎవరూ లేరు. చేతిలో చేట జారిపోయింది. "ఓ నా బిడ్డో!" అని గుండెలు బాదుకుంటూ దారి మధ్య కూలబడింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఉరికొచ్చి ఏమీ అడక్కుండానే ఏడుపు అందుకున్నారు.

"లేదు అక్కా, లేదు! ఆడపిల్ల పుట్టింది! ఇద్దరు మంచిగున్నరు!" అని నేను బండి మీది నుంచి దూకి అరిచాను. మూడుసార్లు అరిస్తేగానీ ఆమె చెవికెక్కలేదు. ఎక్కాక లేచి నా భుజం మీద ఫెడీమని ఒక్కటి చరిచింది.

"ఖాళీ బండి తోలుకుంట నోరు మూసుకొని వస్తరా? ముందుగాల ఒర్రద్దా? పానం పొయినంత పనాయె!"

నిజమే, ఆ దారి పొడుగునా అనసూయను చూసినవాళ్ళే ఉన్నారు. అందుకని ఆ తర్వాత ప్రతి ఊరూ కనబడగానే అరవడం మొదలుపెట్టాను. జనగామ బజారులో సరుకు ధర కూడా గొంతెత్తి చెప్పని మనిషిని నేను. "ఆడపిల్ల పుట్టింది! తల్లీ పిల్లా మంచిగున్నరు!" అని చేలల్లో పనిచేసేవాళ్ళకు చెప్పాను, చెట్లకు చెప్పాను, క్యాంపులోవాళ్ళు అడక్కముందే వాళ్ళకూ చెప్పాను. నెల్లికుదురు దాటేసరికి గొంతు పూర్తిగా పోయింది.

మానుకోటలో బండి చప్పుడు విని బావ కొట్టులోంచి ఉరికొచ్చాడు. ఖాళీ బండిని చూశాడు, నా మొహం చూశాడు. నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. బావ చక్రం పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

"ఆడపిల్ల, సేటూ. ఇద్దరు మంచిగున్నరు" అన్నాడు మల్లయ్య. "గీ సేటు తొవ్వ పొడుగున ఒర్రొర్రి గొంతు పోగొట్టుకున్నడు."

బావ నా రెండు చేతులూ పట్టుకుని ఏమేమో అడుగుతున్నాడు. నేను నవ్వుతూ తల ఊపుతున్నాననే అనుకున్నాను. మల్లయ్య తన భుజం మీది తువ్వాల తీసి నాకిచ్చాడు.

"కండ్లు తుడుచుకో సేటూ. సంబురం గాదె" అన్నాడు.