మావయ్య తల కింద రొద

మా మావయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. మందస పక్కనున్న మా ఊరి నుంచి డయాలసిస్‌కి మా పాత కారులోనే పలాస తీసుకెళ్తాం. మావారు నడుపుతారు, నేను ముందు కూర్చుంటాను, మావయ్య వెనక సీట్లో పడుకుంటారు.

ఒకరోజు ఆయన, "తల కింద ఏటో గుయ్యిమంతంది" అన్నారు.

"రోగం వల్ల సెవుల్లో హోరు నానా, డాక్టరుకి సెబుదాం" అన్నారు మావారు. ఇంటింటా కిడ్నీ రోగులున్న మా ఉద్దానంలో ఒంట్లో ఏ తేడా వచ్చినా కిడ్నీ మీదికే నెట్టేస్తాం.

"సెవుల్లో కాదురా, బండిలోనే!" అని మావయ్య ప్రతిసారీ మొత్తుకునేవారు. మావారు ఒక్కసారి చూద్దామనరేం అని నాకు ఒళ్లు మండింది.

ఆయన్ని ఆసుపత్రిలో దింపాక, వెనక సీట్లో ఆయనలాగే నేను పడుకున్నాను.

"అందరూ సూత్తన్నారు, లెగు" అంటూ మావారు సిగ్గుతో చచ్చిపోయారు. నేను లేవకుండానే బండి పోనివ్వమన్నాను. హైవే ఎక్కి వేగం పెంచగానే నా చెంప కింద సన్నటి అదురు, తుమ్మెద రొద!

"గేరు తీసెయ్యండి" అన్నాను. ఇంజను చప్పుడు తగ్గింది, రొద తగ్గలేదు. అంటే తేడా చక్రంలోనే ఉంది. తిన్నగా షెడ్డుకి పోనివ్వమన్నాను.

మెకానిక్ జాకీ వేసి వెనక చక్రాన్ని పట్టుకుంటే, కదిలిన పన్నులా ఊగింది. "బేరింగు పోనాది బావా. ఇలాగే తిరిగితే సక్రం ఊడిపోతాది" అన్నాడు. మావారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

సంగతి చెబితే మావయ్య, "అయితే నా సెవులు బాగున్నాయన్నమాట" అని నవ్వారు.

జబ్బు ఆయన కిడ్నీలకే గానీ ఆయన మాటకు కాదు. ఇప్పుడు వెనక నుంచి "ఒరేయ్" అని వినబడితే చాలు, మావారు ముందు బండి ఆపుతారు.