గోల్ ముందు తెల్ల గీత

సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఫుట్‌బాల్ సీజనంతా నేను కుదురుగా ఒకచోట కూర్చున్నది లేదు. ఆరాధనకు వచ్చినా ఆ తలుపు దగ్గరే నిలబడేవాణ్ణి, పాట సగంలో ఉండగానే బయటికి పోయి నీళ్ళు తాగి వచ్చేవాణ్ణి, అన్నం సగంలో వదిలి లేచిపోయేవాణ్ణి, ఫోన్ మోగితే ఎత్తకుండా జేబులో పెట్టేసేవాణ్ణి! ఈ దానియేలుకు షుగర్ వచ్చిందేమోనని మీలో కొందరు అనుకున్నారు. నాకు పట్టింది అబద్ధం. అది చెప్పడానికే ఈరోజు మీ ముందు నిలబడ్డాను.

మాది రాజోలు దగ్గర పల్లె. ఇక్కడ ఈ అరబ్బు దేశంలో, అల్ ఖౌద్‌లో ఒక కాలేజీ ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో గడ్డికి నీళ్ళు పెట్టడం, గోల్ నెట్లు కట్టడం, మ్యాచ్‌కు ముందు తెల్ల గీతలు గీయడం నా డ్యూటీ. స్టోర్ తాళాలు మల్లేశ్ దగ్గర ఉంటాయి, అతనిది జగిత్యాల వైపు, మా ఇద్దరిదీ ఒకే రూమ్.

సీజన్ మొదటి మ్యాచ్ రోజు పొద్దున చూస్తే గీతలకు వాడే పొడి నిండుకుంది. ముందుగా అడిగి తెప్పించాల్సింది నేనే, మర్చిపోయాను. ముదీర్, అంటే మా పెద్దాయన, తిడతాడని భయం! మా ఊళ్ళో కబడ్డీ బరికైనా వాలీబాల్ కోర్టుకైనా పోసేది సున్నమే గదా, ఏమవుతుందిలే అనుకుని పక్క సైట్‌లో మిగిలిన సున్నం బస్తా అడిగి తెచ్చి, జల్లించి, గీతలు గీసేశాను. ముచ్చటగా వచ్చాయి, నా పనికి నేనే మురిసిపోయాను. మా ఊళ్ళో ఆడేది పొడిమట్టిలో, ఇక్కడిది తడిగడ్డి, గోల్‌కీపర్ అన్నవాడు బంతి కోసం ముఖం నేలకు కొట్టుకునేలా పడతాడు, తడి తగిలిన సున్నం కంటిని కాల్చేస్తుంది, ఆ ఆలోచనే నాకు రాలేదు.

మా కీపర్ సలీం, నేను ఎప్పుడు కనిపించినా తనే ముందు సలాం చెప్పేవాడు. ఆ మ్యాచ్‌లో బంతి మీదికి దూకి సరిగ్గా ఆ గీత మీదే బోర్లా పడ్డాడు, సున్నం కుడి కంట్లో పడింది. అయ్యో, ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది! చూపు దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు.

నేను వాడి పడేసిన సున్నం బస్తా స్టోర్‌లో దొరికింది. ముదీర్ నన్ను అడిగితే "స్టోర్‌లో ఇచ్చిన పొడితోనే గీశాను సార్" అనేశాను. మల్లేశ్ నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. తప్పు అతనిదేనని రాసుకున్నారు, వీసా క్యాన్సిల్ చేసి నెల తిరిగేలోగా ఇంటికి పంపేస్తామన్నారు. రూమ్‌కు వచ్చాక అతను నాతో ఏమన్నాడో తెలుసా? "అన్నా, నీకు ఇద్దరు పిల్లలున్నరు. నాకు ఎవ్వలున్నరే? పోతే నేనే పోత, నువ్వు ఊకో."

ప్రతి శుక్రవారం నేను వాక్యం చెప్పేది ఈ మల్లేశ్‌కే! మన తప్పును ప్రభువు తన మీద వేసుకున్నాడని చేతులు ఊపుతూ చెప్పేవాణ్ణి, విన్న మల్లేశ్ నా కళ్ళ ముందే అది చేసి చూపిస్తున్నాడు, నేను మాత్రం ముసుగు తన్ని పడుకుని ఇలా ప్రార్థించాను: "తండ్రీ, సలీం కన్ను బాగుచెయ్యి, కానీ నా పేరు మాత్రం బయటికి రానివ్వకు!" సిగ్గుగా ఉంది చెప్పడానికి. సలీం లేక జట్టు వరసగా ఓడిపోయింది. కొత్త కీపర్ చేతుల్లోంచి బంతి జారినప్పుడల్లా నేను గోల్ వెనక అటూ ఇటూ తిరిగేవాణ్ణి, బాగున్న నెట్టునే మళ్ళీ మళ్ళీ బిగించేవాణ్ణి.

చివరికి మల్లేశ్ పెట్టె సర్దుకున్నాడు. నెట్లు కట్టే చెయ్యి గదా, తాడు నన్నే కట్టమన్నాడు! రెండు చుట్లు వేశాను, మూడోది వేయలేకపోయాను. అక్కడే మోకాళ్ళ మీద పడ్డాను. "ప్రభువా, నా పేరు బయటికి రానీ. నన్నే పంపించెయ్యనీ, ఇంక నావల్ల కాదు!" ఆమేన్ కూడా అనకుండా లేచి, రూమ్‌లో వేసుకునే చెప్పులతోనే ముదీర్ ఆఫీసుకు పరుగెత్తాను.

ఆఫీసులోనే ఉన్న జట్టు కోచ్, సలీంను పిలిపించాడు. అతని చూపు దక్కిందని అక్కడే తెలిసింది నాకు, స్తోత్రం! ఏడుస్తూ అంతా చెప్పాను. "సున్నం సంగతి తెలియక చేశావు, సరే. మల్లేశ్‌ను పంపేస్తుంటే ఎలా చూస్తూ ఊరుకున్నావు?" అని హిందీలో అడిగాడు సలీం. మల్లేశ్ కాగితాలు ఆపేశారు. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు, న్యాయమే.

ఆఖరి మ్యాచ్‌కు సలీం గ్రౌండ్‌లోకి దిగాడు. గోల్ ముందు గీత గీసేముందు నేను కొత్తగా తెప్పించిన అసలు పొడి కొంచెం తీసి నా కంటి కింద రాసుకుని, మంట పుడుతుందేమోనని ఆగి చూస్తున్నాను. సలీం దగ్గరికి వచ్చి, నా చేతిలోని పొడిని వేలితో తీసుకుని తన కంటి కింద, ఆ కుడి కంటి కిందే, రాసుకున్నాడు! "ఖలాస్, దానియేల్. గీయి" అన్నాడు. అయిపోయింది అని అర్థం. కళ్ళనిండా నీళ్ళతో గీసిన ఆ గీత కొంచెం వంకరగానే వచ్చింది. ఒక్క గోల్ తేడాతో ఆ మ్యాచ్ కూడా ఓడిపోయాం, కప్పు రాలేదు, అయినా దేవునికే మహిమ!

ప్రియులారా, మీలో ఎవరైనా నాలాగే తలుపు దగ్గర నిలబడి ఉంటే, లోపల ఏదో దాచుకుని ఉంటే, నా ప్రభువును నమ్మండి, ఈరోజే ఆయనకు చెప్పండి, తర్వాత చెప్పాల్సిన మనిషి దగ్గరికి వెళ్ళండి. మల్లేశ్ అదిగో, ఆ చివరి వరసలో ఉన్నాడు, ఆరాధన తర్వాత పెట్టే బిర్యానీ కోసం వచ్చానంటాడు. ఇక సెలవిస్తే, నేను వెళ్ళి అతని పక్కన కూర్చుంటాను.